లోడ్ లేదన్న రిపోర్టు, లోపల మిగిలిన తుంగ

నెల్లూరులోనో ఒంగోలులోనో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు ఏళ్ల తరబడి వెళ్తున్నవారికి వైరల్ లోడ్ రిపోర్టు, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే కాగితం, చదవడం అలవాటైపోతుంది. అందులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' (వైరస్ దొరకలేదు) అని ఉంటే ఆ రోజుకు టెన్షన్ తీరినట్టే. కౌంట్ అంటే రోగనిరోధక కణాలైన సీడీ4ల లెక్క. "లోడ్ లేదు, కౌంట్ కూడా పెరిగింది" అని కౌన్సెలర్ చెప్పగానే చాలామంది నోట వచ్చే ప్రశ్న ఒకటే: లేనప్పుడు ఇంకా మాత్ర ఎందుకు? అడగదగిన ప్రశ్నే. జ్వరం తగ్గితే మాత్ర ఆపేస్తాం. అంత మొండి టీబీకి కూడా కోర్సు పూర్తయ్యాక మందు ఆపేస్తారు. దీనికి మాత్రం జీవితాంతం అంటారేమిటి?

"వైరస్ లోపల దాక్కుని ఉంటుంది" అని సెంటర్లో చెప్పే జవాబు నిజమే, కానీ సగమే. ఎక్కడ దాక్కుంటుంది, కౌంట్ పెరిగి బలం పుంజుకున్న ఒళ్లు దాన్ని ఎందుకు పట్టుకోలేకపోతోంది అన్నది మిగతా సగం. అసలు చిక్కంతా అందులోనే ఉంది.

ఈ దాగిన వైరస్‌ను వైద్యులు 'రిజర్వాయర్' అంటారు. ఆ మాట వింటే ఈ ప్రాంతం వారికి ముందు గుర్తొచ్చేది సోమశిల. 78 టీఎంసీల జలాశయం. పైన కడప వైపు నుంచి పెన్నలోకి నీళ్లు దిగకపోతే, వాడుకునేకొద్దీ మట్టం పడిపోతూ వస్తుంది. ఆ లెక్కన మందులు కొత్త వైరస్ రాకుండా ఇన్‌ఫ్లోను కట్టేస్తున్నాయి కాబట్టి, ఏదో ఒక రోజుకు లోపలిది అడుగంటాలి. ఇలా అనుకున్నది మామూలు జనమే కాదు. మూడు మందుల చికిత్స కొత్తగా వచ్చిన రోజుల్లో, 1997లో, పేరున్న శాస్త్రవేత్తలు కూడా లెక్కలు కట్టి, వైరస్‌ను పూర్తిగా అణిచి ఉంచగలిగితే 2.3 నుంచి 3.1 ఏళ్లలో ఒంట్లోంచి తుడిచిపెట్టుకుపోవచ్చన్నారు. తమకు తెలియని దాపరికం వేరే ఏదీ లేకపోతేనే అన్న షరతు కూడా పెట్టారు. అదే ఏడాది ఆ దాపరికం బయటపడింది. జాన్స్ హాప్కిన్స్‌లో రాబర్ట్ సిలిసియానో బృందంతో పాటు మరో రెండు బృందాలు, మందులు చక్కగా పనిచేస్తున్న రోగుల రక్తం నుంచి నిద్రపోతున్న కణాలను తీసి, ల్యాబ్‌లో లేపి చూశాయి. వాటి నుంచి బతికున్న వైరస్ వచ్చింది.

కాబట్టి సోమశిల పోలిక ఇక్కడ సరిపడదు. కందుకూరు, పొదిలి వైపు మెట్ట చేలల్లో తుంగ అనే కలుపుతో వేగిన రైతును అడిగితే సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. మందు కొడితే పైన ఆకు మాడిపోతుంది, చేను శుభ్రంగా కనిపిస్తుంది. వైరల్ లోడ్ టెస్టు చూసేది ఆ పైనున్న ఆకునే. భూమిలో గడ్డలు అలాగే ఉంటాయి. ఒక్కో గడ్డ నుంచి సన్నటి వేరు సాగి ఇంకో గడ్డ పుడుతుంది. బయటి నుంచి విత్తనం రానక్కర్లేదు. మందు కొట్టడం మానేశాక ఒక్క వాన పడితే చాలు.

హెచ్‌ఐవీ చేరేది సీడీ4 కణాల్లోకి. లోపలికి వెళ్లాక తన జన్యు సమాచారాన్ని డీఎన్ఏగా మార్చి, దాన్ని మనిషి డీఎన్ఏలోనే అతికించేస్తుంది. మామూలుగా అయితే ఆ కణం చురుగ్గా ఉంటుంది. వేల వైరస్‌లను పుట్టించి ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. మందులు మొదలుపెట్టగానే లోడ్ అంత వేగంగా పడిపోవడానికి కారణం ఇదే. పాత కణాలు చస్తాయి, కొత్తవాటికి వైరస్ అంటదు. కానీ కొన్ని కణాలు, వైరస్ అంటుకున్న సమయానికే పని ముగించుకుని విశ్రాంతికి పోతూ ఉంటాయి. ఇవి జ్ఞాపక కణాలు. ఒకసారి చూసిన సూక్ష్మజీవిని మళ్లీ గుర్తుపట్టడానికి ఏళ్ల తరబడి ఒంట్లో నిల్వ ఉండేవి. టీకా ఒకసారి వేస్తే ఏళ్లపాటు పనిచేసేది వీటి లాంటి కణాల వల్లే.

విశ్రాంతిలో ఉన్న కణంలో వైరస్ కూడా విశ్రాంతి తీసుకుంటుంది. కణాన్ని లేపే ప్రొటీన్ ఒకటుంది, ఎన్ఎఫ్-కప్పా-బీ అంటారు. కణం నిద్రలో ఉన్నప్పుడు అది కేంద్రకం బయటే ఉండిపోతుంది. కణానికి ఏదైనా ఇన్ఫెక్షన్ సంకేతం అందితే లోపలికి వెళ్లి జన్యువుల స్విచ్‌లు వేస్తుంది. వైరస్ స్విచ్ కూడా దానికే లోబడి పనిచేస్తుంది. అంటే కణం లేస్తేనే వైరస్ లేస్తుంది, కణం పడుకుంటే వైరస్ ఒక్క ప్రొటీన్ కూడా చేయదు. ప్రొటీన్ లేకపోతే, ఆ కణం లోపల ఏదో తేడా ఉందని బయటకు తెలిసే ఆనవాలే ఉండదు. ఏఆర్‌టీ మాత్రలకు కూడా అక్కడ పని లేదు. టెనోఫోవిర్, లామివుడిన్‌లు వైరస్ తన డీఎన్ఏను తయారుచేసుకోవడాన్ని ఆపుతాయి, డోలుటెగ్రావిర్ అతికించడాన్ని ఆపుతుంది. ఎప్పుడో అతికిపోయినదాన్ని ఊడదీసే మందు వీటిలో లేదు.

వైరస్‌లు దాక్కోవడం మన ఊళ్లకు కొత్త విషయం కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారికి ముసలితనంలోనో, ఒంట్లో బలం తగ్గినప్పుడో నడుము చుట్టూ అక్కి లేస్తుంది. అది ఆ పాత ఆటలమ్మ వైరసే. ఇన్నాళ్లూ నరాల మొదట్లో దాక్కుని ఉంటుంది. (వయసులో ఉన్నవారికి అక్కి వస్తే హెచ్‌ఐవీ పరీక్ష చేయించమని డాక్టర్లు చెప్పేది అందుకే. అక్కి రాయించుకుని ఊరుకుంటే అసలు సంగతి మరుగున పడిపోతుంది.) కానీ ఆటలమ్మ వైరస్ దాక్కునేది కాపలా తక్కువగా ఉండే నరాల్లో. హెచ్‌ఐవీ దాక్కునేది కాపలాదారుల్లోనే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత దీనికి అచ్చంగా సరిపోతుంది.

ఈ కణాలు ఎన్ని? నిద్రలో ఉన్న సీడీ4 కణాలను పది లక్షలు తీసుకుంటే, మళ్లీ లేచి వైరస్‌ను పుట్టించగలిగేది సుమారు ఒక్కటి. చాలా తక్కువ. కానీ ఒళ్లంతా లెక్కపెడితే లక్షల్లో తేలతాయి. మొదట్లో చేసిన కొలతల ప్రకారం ఈ నిల్వ సగానికి తగ్గడానికి దాదాపు 44 నెలలు పడుతుంది. పది లక్షల కణాలు ఒక్కటికి దిగాలంటే ఇరవై సార్లు సగమవ్వాలి. ఇరవై నలభై నాలుగులు 880 నెలలు, అంటే 73 ఏళ్లు. మాత్ర జీవితాంతం అనే మాట ఈ లెక్క నుంచే వచ్చింది. అది కూడా ఆశాజనకమైన లెక్కేనని తర్వాత తేలింది. మొదటి కొన్నేళ్లు నిల్వ తగ్గుతుంది, ఏడేళ్ల తర్వాత ఆ తగ్గడం దాదాపు ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ల దాకా మందులు వాడిన వారు కూడా ఉన్న 42 మంది బృందంలో, నిల్వ తగ్గకపోగా చాలా నెమ్మదిగా పెరుగుతోందని 2023లో సిలిసియానో బృందమే ప్రకటించింది.

ఇన్‌ఫ్లో లేకుండా నిల్వ పెరగడమేమిటి? ఇక్కడే తుంగ గడ్డ మళ్లీ గుర్తుకు రావాలి. వైరస్ తన డీఎన్ఏను మనిషి డీఎన్ఏలో ఎక్కడ అతికిస్తుందన్నది చాలా వరకు యాదృచ్ఛికం. దాదాపు 300 కోట్ల అక్షరాల పుస్తకంలో ఎక్కడైనా అతకవచ్చు. అలాంటిది రెండు వేర్వేరు కణాల్లో సరిగ్గా ఒకే అక్షరం పక్కన అతికి ఉంటే అది కాకతాళీయం కాదు. ఒక కణమే రెండయింది. మందులు బాగా పనిచేస్తున్న రోగుల్లో ఇలాంటి కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయని 2014లో అమెరికాలోని రెండు బృందాలు చూపించాయి. వైరస్ కొత్తగా ఏ కణానికీ అంటుకోవడం లేదు. అది కూర్చున్న కణమే పిల్లలు పెడుతోంది. కణం రెండైతే డీఎన్ఏ రెండవుతుంది, దాంతో పాటు అందులో అతికిన వైరస్ కూడా.

ఈ కణాలు ఊరికే ఎందుకు విభజన చెందుతాయి? జ్ఞాపకం నిలవాలంటే అది తప్పదు కాబట్టి. జ్ఞాపక కణాలు తమ సంఖ్య తగ్గిపోకుండా ఎప్పటికప్పుడు కొన్ని పుట్టుకొస్తూ ఉంటాయి. ఏదైనా ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని గుర్తుపట్టిన కణాలు ఒక్కసారిగా పెరుగుతాయి. రోగనిరోధక వ్యవస్థ చేయవలసిన పని ఇది, మనకు మేలు చేసే పని కూడా. హెచ్‌ఐవీని ఒంట్లో నిలిపి ఉంచుతున్నది వైరస్ తెలివికన్నా మన రోగనిరోధక జ్ఞాపకానికి ఉన్న ఈ మంచి గుణమే అనడం సబబు. ఆ గుణాన్ని చెడగొడితే మనిషే మిగలడు. అలాగని కౌంట్ పెరగడాన్ని చూసి భయపడకూడదు. పెరిగే కణాల్లో వైరస్ ఉన్నవి అత్యల్పం, కౌంట్ పెరగడం వల్ల దక్కే రక్షణ ఎంతో ఎక్కువ.

ఇక ఈ కణాలను వెతికి చంపాల్సినవి సీడీ8 కణాలు. ఇవి చేతులు ముడుచుకుని కూర్చున్నాయని చెప్పలేం. మందులు వాడుతున్న కోతుల్లో సీడీ8 కణాలను తీసేసి చూస్తే, మందులు పడుతున్నా రక్తంలో వైరస్ మళ్లీ కనిపించింది. అంటే ఆ మౌనంలో వాటి వాటా కూడా ఉంది. కానీ వాటికి అడ్డంకులు చాలానే. ఏళ్ల తరబడి వైరస్‌తో కుస్తీ పట్టి అవి అలిసిపోతాయి. అలసిన కణం పైన పీడీ-1 అనే ప్రొటీన్ పెరుగుతుంది, అది బ్రేకులా పనిచేస్తుంది. మందులు మొదలయ్యాక వైరస్ కనిపించడం మానేస్తుంది కాబట్టి వాటి సాధన కూడా సన్నగిల్లుతుంది. ఇంకోటి, కాలికి గాయమైతే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, ఆ బిళ్లే లింఫ్ గ్రంథి. దాని లోపలి ఒక గదిలోకి సీడీ8 కణాలు ఎక్కువగా వెళ్లలేవు. వైరస్ ఉన్న కణాల్లో కొన్ని అక్కడ ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఏమిటో 2015లో తేలింది. జబ్బు సోకిన చాలా కాలానికి మందులు మొదలుపెట్టినవారి నిల్వను చూస్తే, అందులో దాదాపు అంతా సీడీ8 కణాల కంటపడకుండా మారిపోయిన వైరసే. 98 శాతానికి పైగా. చికిత్సకు ముందు గడిచిన ఏళ్లలో సీడీ8 కణాలు పట్టుకోగలిగిన వైరస్‌లను చంపేశాయి, తప్పించుకున్నవే నిల్వలోకి చేరాయి. సోకిన కొద్ది నెలల్లోనే మందులు మొదలుపెట్టినవారిలో మాత్రం ఈ మార్పు అంతగా లేదు.

ఈ ఒక్క సంగతి మన దగ్గర చికిత్స నడిచిన తీరును కొత్తగా చూడమంటుంది. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో కౌంట్ 200 కంటే తగ్గితే కానీ మందులు ఇచ్చేవారు కాదు. తర్వాత ఆ గీత 350కి, 500కి పెరిగి, 2017లో కౌంట్‌తో పని లేకుండా అందరికీ ఇవ్వడం మొదలైంది. చెన్నైలో 1986లో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలోని తొలి కేసులను గుర్తించిన తర్వాత, చెన్నై-కోల్‌కతా హైవే మీదున్న నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు వారిలో ఎందరో మందులు లేని ఏళ్లు గడిపారు, ఆ తర్వాత కౌంట్ పడిపోయే దాకా ఎదురుచూసిన ఏళ్లు గడిపారు. అప్పటి ఆలోచన తప్పని కాదు. మందుల ఖర్చు, సైడ్ ఎఫెక్టులు, సరఫరా అన్నీ చూసుకోవాల్సిన రోజులు. కానీ ఆ ఎదురుచూపు నిల్వ మీద చెరగని ముద్ర వేసింది. ఇవాళ కొత్తగా పాజిటివ్ అని తేలినవారికి ఆ వారంలోనే మందు మొదలుపెట్టమని ఒత్తిడి చేయడం వెనుక ఇది కూడా ఒక కారణమని చెబితే, "కాస్త ఆలోచించుకుని వస్తాం" అనేవారు తగ్గుతారేమో.

రోగనిరోధక స్పందనలో ఇంకో చేయి యాంటీబాడీలు. లోడ్ లేదన్న రిపోర్టు చేతిలో ఉన్నవారు కొందరు ఇంకో ఊళ్లో రక్తపరీక్ష చేయించుకుంటారు. అక్కడ మళ్లీ పాజిటివ్ అని వస్తుంది. అంటే సెంటర్ వాళ్లు అబద్ధం చెప్పారా అన్న అనుమానం మొదలవుతుంది. రెండు పరీక్షలూ నిజమే చెబుతున్నాయి. ర్యాపిడ్ టెస్టు వెతికేది ప్రధానంగా ఒళ్లు వైరస్ మీద తయారుచేసిన యాంటీబాడీలను. అవి ఏళ్ల తరబడి ఉంటాయి. వైరల్ లోడ్ టెస్టు చూసేది రక్తంలోని ద్రవంలో తేలుతున్న వైరస్‌ను. కణాల లోపల అతికి ఉన్నది ఈ రెండింట్లోనూ కనిపించదు.

అతికి ఉన్న వైరస్ డీఎన్ఏలో 90 శాతానికి పైగా ముక్కలు పోయిన పనికిరాని సరుకు. దాని నుంచి పూర్తి వైరస్ పుట్టదు. కానీ అందులో కొంత విరిగిన ప్రొటీన్లను చేస్తూనే ఉంటుంది, ఒళ్లు వాటిని చూసి ఉలిక్కిపడుతూనే ఉంటుంది. పేగు గోడల్లోని సీడీ4 కణాలు జబ్బు మొదట్లోనే భారీగా నశించడం వల్ల అక్కడి నుంచి సూక్ష్మజీవుల అవశేషాలు రక్తంలోకి ఊరుతూ ఉంటాయి. ఈ రెండూ కలిసి లోపల సన్నటి మంటను ఆరనివ్వవు. గుండెజబ్బుల ముప్పు కొంత ఎక్కువగా ఉండటానికి ఈ మంట ఒక కారణం. పిటావాస్టాటిన్ అనే కొవ్వు మందు వాడిన హెచ్‌ఐవీ రోగుల్లో గుండెపోటు లాంటి ఘటనలు 35 శాతం తగ్గాయని 2023లో పెద్ద పరీక్ష ఒకటి తేల్చింది. నలభై దాటినవారు బీపీ, షుగర్, పొగ సంగతులు చూసుకోవాలని డాక్టర్లు పదే పదే చెప్పేది ఇందుకే.

తుంగ మీద రైతు చేసే ఒక పని ఉంది. తొలకరి పడ్డాక విత్తనం వేయకుండా ఆగి, కలుపు మొత్తం మొలిచాక గుంటక తోలతాడు. హెచ్‌ఐవీ మీద కూడా ఇదే ఉపాయం ప్రయత్నించారు. నిద్రపోతున్న వైరస్‌ను మందుతో లేపి, కనిపించగానే చంపడం. వోరినోస్టాట్ అనే క్యాన్సర్ మందు నిజంగానే వైరస్‌ను లేపిందని 2012లో తెలిసింది. కానీ నిల్వ తగ్గలేదు. వాన కురిసింది కానీ గుంటక పదును లేదు. అలిసిపోయిన, ఆనవాలు పట్టలేని సీడీ8 కణాలే ఆ గుంటక. దానికి టీకాతో పదును పెట్టి, లేపే మందును కలిపి బ్రిటన్‌లో అరవై మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. తేడా ఏమీ లేదు. వైరస్‌ను లేపడం మానేసి శాశ్వతంగా పడుకోబెట్టే దారిని ఇప్పుడు ఇంకొందరు వెతుకుతున్నారు.

నయమైనవారు లేరా అంటే ఉన్నారు. బెర్లిన్‌లో 2007లో ఎముక మజ్జ మార్పిడి జరిగిన టిమోతీ రే బ్రౌన్ మొదటివాడు. ఆయనకు దానం చేసిన వ్యక్తి కణాల్లో హెచ్‌ఐవీకి తలుపుగా పనిచేసే సీసీఆర్5 లేదు. ఆ తర్వాత లండన్‌లో, మరికొన్ని చోట్ల ఇంకొందరు. అందరికీ ముందుగా ఉన్నది ప్రాణాంతకమైన రక్త క్యాన్సర్. ఆ మార్పిడిలోనే ప్రాణం పోయే ముప్పు ఉంటుంది. రోజుకో మాత్రతో మామూలుగా బతుకుతున్న మనిషికి అది చేయమని ఏ డాక్టరూ అనడు.

మాత్ర ఆపితే ఏమవుతుందన్నది మాత్రం స్పష్టంగా తెలుసు. చాలామందిలో రెండు మూడు వారాల్లో వైరస్ తిరిగి వస్తుంది. పుట్టిన 30 గంటలకే మందులు పడ్డ మిసిసిపీ పాపలో, మందులు ఆపాక 27 నెలలు ఏమీ కనిపించక ప్రపంచమంతా సంబరపడింది. 2014లో అది తిరిగొచ్చింది. ఈ వ్యవధే నకిలీ వైద్యులకు వరం. లోడ్ లేని మనిషి పసరు మందు తాగి మాత్రలు మానేస్తే, మొదటి వారం చేసే పరీక్షలో ఇంకా ఏమీ రాకపోవచ్చు. ఆ రిపోర్టు ఫొటోనే తర్వాత వాట్సాప్‌లో తిరుగుతుంది. నెల తర్వాతి రిపోర్టు ఎవరూ పంచుకోరు. కౌంట్ బాగున్నప్పుడు మందులకు విరామం ఇచ్చి చూసిన పెద్ద పరీక్షను 2006లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. విరామం తీసుకున్నవారిలో చావులు, ఇన్ఫెక్షన్లు రెండున్నర రెట్లకు పైగా పెరిగాయి.

కనిగిరి, పొదిలి వైపు నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో పనికి వెళ్లేవారి మాత్రలు తెగిపోయేది నమ్మకం లేక కాదు, చాలాసార్లు బస్సు టైము కుదరక, ముఠా మేస్త్రీకి కారణం చెప్పలేక. సెంటర్లో ముందే చెబితే కొన్ని నెలల మందు ఒకేసారి ఇస్తారు, లేదంటే వెళ్లే ఊరి సెంటర్‌కు మారుస్తారు. ఇక మాత్ర ఆపకుండా లోడ్ అణిగి ఉన్నంత కాలం, నిద్రపోతున్న వైరస్ సెక్స్ ద్వారా భాగస్వామికి అంటదు. ఒకరికి ఉండి ఒకరికి లేని 888 జంటలను పరిశీలించిన 2016 నాటి అధ్యయనంలో, లోడ్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు.

పైన చెప్పిన పరిశోధనల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్‌లలో, సబ్‌టైప్ బీ రకం వైరస్ ఉన్న మగవారి మీద జరిగినవి. మన దేశంలో ఎక్కువగా ఉన్నది సబ్‌టైప్ సీ. ఏఆర్‌టీ సెంటర్ల క్యూలలో ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో ఉంటారు, వారిలో చాలామందికి సోకింది భర్త నుంచి. వైరస్‌ను లేపే స్విచ్ అన్నాం కదా, ఎన్ఎఫ్-కప్పా-బీ వచ్చి తగులుకునే చోటు, అది సబ్‌టైప్ బీలో మామూలుగా రెండు ఉంటే సీలో మూడు ఉంటాయి. నాలుగు ఉన్న రకాలు మన దేశంలో వ్యాపిస్తున్నాయని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ పరిశోధకులు 2012లో చూపించారు. స్విచ్‌లు ఎక్కువైతే వైరస్ బలంగా లేస్తుంది. అలాంటిది నిద్రపోవడం కూడా వేరుగా ఉంటుందా అన్నది వారి తర్వాతి ప్రశ్న. నిల్వను నేరుగా కొలిచే ల్యాబ్ పరీక్షను కూడా మొదట సబ్‌టైప్ బీ కోసమే తయారుచేశారు, సీకి సరిపోయేలా దాన్ని మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పరీక్ష ఇంకా పరిశోధన ల్యాబ్‌లు దాటి రాలేదు. నెల్లూరు రిపోర్టులో గానీ ఒంగోలు రిపోర్టులో గానీ ఉండేవి రెండు అంకెలే, లోడ్, కౌంట్.